బండి మళ్ళు చోటు

దెగ్లూరునకు రైలు లేదు. నాందేడు జిల్లాకు దక్షిణపు కొసన, తెలంగాణపు సరిహద్దునకు మిక్కిలి చేరువనున్న ఈ తాలూకా పట్టణమున మరాఠీయు, తెలుగును, ఉర్దూయు ఒకే అంగడిలో, ఒక్కొక్కప్పుడు ఒకే బేరమునందు కలగలిసి వినవచ్చును. 1956 నవంబరు 1వ తేదీ వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదై, ఆ దినమున జరిగిన పునర్విభజనచే బొంబాయి రాష్ట్రమునకును, 1960 మే 1వ తేదీ నుండి మహారాష్ట్రమునకును చెందినదైనను, కచేరీ పనులకు నాందేడు, ముంబయిల వంక చూచుచునే, వైద్యమునకును చదువునకును కొలువునకును పలువురు నేటికిని "పట్నము" పోవుచునే యున్నారు; పట్నమనగా హైదరాబాదే. నిజాము కాలమున, 1900 ప్రాంతమున వేయబడిన హైదరాబాదు–మన్మాడు మార్గము నిజామాబాదు, ధర్మాబాదు, నాందేడుల మీదుగా పోయి దెగ్లూరును ప్రక్కన విడిచినది. నాందేడునుండి బీదరునకు దెగ్లూరు మీదుగా వేయదలచిన మార్గపు మాట చిరకాలముగా వినబడుచున్నది.

కావున దెగ్లూరు ప్రయాణికుడు మహారాష్ట్ర ఎస్టీ బస్సునో, తెలంగాణ ఆర్టీసీ బస్సునో ఎక్కి, 161వ జాతీయ రహదారి వెంబడి మద్నూరు, పిట్లం, జోగిపేట, సంగారెడ్డిల మీదుగా సుమారు రెండువందల కిలోమీటర్లు వచ్చి, పటాన్‌చెరువును దాటి, బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారపు ప్రాంతమును దాటి, రహదారి నడుమ కాంక్రీటు స్తంభముల వరుస తలయెత్తు చోట, ఆ ప్రయాణములో మొట్టమొదటి మెట్రో స్టేషనును చూచును. ఆ చోటు మియాపూరు. అక్కడనే బస్సు దిగి మెట్రో ఎక్కువారు ఎక్కుదురు. సామాను బరువుగా నున్నవారు మాత్రము మహాత్మాగాంధీ బస్సు స్టేషను వరకు కూర్చుండియే పోవుదురు.

2017 నవంబరు 28న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ హైదరాబాదు మెట్రోను ప్రారంభించినది ఈ మియాపూరునందే. ఆ దినమున ఆయన ఎక్కిన బండి కూకట్‌పల్లి వరకు పోయి మరల మియాపూరునకే వచ్చినది. మరునాటినుండి మియాపూరు–అమీర్‌పేట–నాగోలు నడుమ 30 కిలోమీటర్ల మేర జనులకు బండ్లు నడిచినవి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్బీనగర్ భాగము తెరువబడుటతో మియాపూరునుండి ఎల్బీనగర్ వరకు 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు గల ఎర్ర మార్గము సంపూర్ణమైనది. నగరమునకు వాయవ్యపు అంచున ఒక కొస, ఆగ్నేయపు అంచున మరొక కొస.

ప్రయాణికుని కంటికి తుది స్టేషనులో విశేషమేమియు కానరాదు. బండి ఆగును, అందరును దిగుదురు, కొంతసేపటికి ఆ బండియే వచ్చిన దిక్కునకు పోవును. ఇంతే గదా యని తోచును. కాని ఒక మెట్రో మార్గముపై ఎన్ని నిమిషములకొక బండిని నడుపవచ్చును అను ప్రశ్నకు, స్తంభములు ఎంత బలమైనవి, మోటార్లు ఎంత వడిగలవి అను సంగతులకంటె, తుది స్టేషనులో బండి ఎంత చప్పున మళ్ళగలదు అను సంగతియే తరచుగా సమాధానము చెప్పును. దెగ్లూరు చుట్టుపట్ల నల్లరేగడిలో నాగలి పట్టిన రైతునకు ఈ మాట వింత గాదు: చాలు పొడవున ఎడ్లు ఒకే నడకన సాగును, కాలము కరగునది చాలు కొసన మళ్ళింపునందు, ముందు నాగలి అచట జాగుచేసినచో వెనుక నాగలి నిలువక తప్పదు. మియాపూరులో జరుగునదియు అదియే. అచట నిలిచిపోవునవి వేయేసిమందితో నిండిన బండ్లు.

ఆవిరియంత్రముల కాలమున ఈ మళ్ళింపు పెద్ద తలనొప్పి. 1863 జనవరి 10న లండనులో తెరువబడిన మెట్రోపాలిటన్ రైల్వే, ప్రపంచమున మొదటి భూగర్భ రైలుమార్గము, ఆవిరి యింజనులతోడనే నడిచినది. ఇంజను పెట్టెలకు ముందుండును. తుది స్టేషను చేరినంతనే అది పట్టాల చివరకును పెట్టెలకును నడుమ చిక్కుకొనును. దానిని విప్పి, ప్రక్క పట్టాపై నడిపించి, రెండవ కొసన తగిలింపవలెను. లేదా వేరొక యింజనును ముందుగనే సిద్ధపరచి వెనుకప్రక్కకు తగిలించి, చిక్కిన యింజనును తరువాతి బండి కొరకు నిలిపియుంచవలెను. 1890లో అదే నగరమున విద్యుచ్ఛక్తితో నడువసాగిన సిటీ అండ్ సౌత్ లండన్ రైల్వే పొగను పోగొట్టినది గాని, అదియు విడి యింజనులనే వాడుటచేత, ఈ చిక్కును పోగొట్టలేకపోయినది. పోగొట్టినవాడు ఫ్రాంక్ స్ప్రేగ్ అను అమెరికా ఇంజనీరు. బండినంతటిని ఒక్క యింజను లాగుటకు మారుగా, మోటార్లను పలు పెట్టెల క్రిందకు పంచి, వానినన్నిటిని అదుపుచేయు సన్నని తీగలను బండి పొడవునను సాగించి, ఏ కొసనున్న గదిలో కూర్చుండియైనను ఒక్క మనిషియే అన్ని మోటార్లను ఒక్కమారుగా నడుపునట్లు ఆయన ఏర్పరచెను. 1897లో చికాగో నగరపు సౌత్ సైడ్ ఎలివేటెడ్ మార్గమునకై ఆయన సిద్ధపరచిన ఈ పద్ధతిచేత బండికి ముందు వెనుక అను భేదము నశించినది.  నేడు ప్రపంచమున నడుచు మెట్రో బండ్లు దాదాపు అన్నియు ఆయన మార్గముననే నడుచుచున్నవి. దక్షిణ కొరియాకు చెందిన హ్యుండయ్ రోటెమ్ సంస్థ హైదరాబాదునకు చేసియిచ్చిన 57 బండ్లును అట్టివే; ఒక్కొక్క దానికి మూడేసి పెట్టెలు, రెండు కొసలను నడుపువాని గదులు.

బండి మళ్ళుటకు వేరొక ఉపాయమును కలదు. పట్టాలనే గుండ్రముగా త్రిప్పినచో బండి ఆగకుండ చుట్టివచ్చి ఎదురుమార్గమున పడును. 1900లో తెరువబడిన పారిస్ మెట్రోలో పోర్ట్ డోఫిన్ స్టేషనున ఇట్టి చుట్టు కలదు. న్యూయార్కులో 1904లో తెరువబడిన సిటీ హాల్ స్టేషను వంకర వేదికతో ఇట్టి చుట్టుమీదనే కట్టబడినది. 1945లో ప్రయాణికులకు అది మూయబడినను, బండ్లు నేటికిని ఆ చుట్టునందే మళ్ళుచున్నవి. లండనులో కెన్నింగ్టన్ వద్ద నేల క్రింద అట్టి సొరంగమే యున్నది. ఈ యుపాయమునందు ఇంపు ఎక్కువ, ఇబ్బందియు ఎక్కువ: ఇరుకు వంపులో చక్రములు పట్టాల అంచులను ఒరయుచు కీచుమనును, ఆ ఒరపిడిచే రెండును అరుగును. వంపును పెద్దది చేసినచో, నూరు మీటర్ల వ్యాసార్ధమునకు రెండువందల మీటర్ల వెడల్పు గల స్థలము కావలెను. స్తంభములపై రహదారి నడుమనే పోవు హైదరాబాదు మార్గమునకు మియాపూరు కూడలిలో అట్టి చుట్టు వేయవలెనన్న, ఇరుప్రక్కల ఒక్కొక్క కాలనీ వంతున పడగొట్టవలసియుండెడిది.

ఇక మిగిలినవి రెండు తెరవులు. మొదటిది, స్టేషనునకు ముందే రెండు పట్టామార్గములను కత్తెర ఆకారమున కలుపుట. మన దేశమున బండ్లు ఎడమమార్గమున వచ్చును. వచ్చు బండి ఎడమ వేదికకు నేరుగా పోయినచో, మరల బయలుదేరునపుడు ఆ కత్తెరను దాటి కుడిమార్గము చేరవలెను. వచ్చునపుడే కత్తెరను దాటి కుడి వేదికకు పోయినచో, బయలుదేరునపుడు నేరుగా పోవచ్చును. ఎట్లు చేసినను ప్రతి బండియు ఒకసారి ఆ కత్తెరను దాటకతప్పదు. అది దాటుచున్నంతసేపు ఎదురువచ్చు మరొక బండి వెలుపలనే ఆగవలెను. పట్టాల ముళ్ళు కదలి, బిగిసి, బిగిసినవన్న వార్త సిగ్నలునకు చేరుటకు పది సెకన్ల వరకు పట్టును. వంపుపట్టాలపై బండి మెల్లగా పోవలెను. దాని తోక కత్తెరను పూర్తిగా విడిచిన పిదపగాని ముళ్ళు మరల కదలరాదు. ఈ తునకలన్నియు కూడినచో, నడిమార్గమున తొంబది సెకన్లకొక బండిని నడుపగల మార్గము కొసన రెండు నిమిషములకొక బండిని మళ్ళించుటకే ప్రయాసపడును. మార్గమంతటికిని ఆ రెండు నిమిషములే హద్దు.

రెండవ తెరవున, స్టేషను దాటిన తరువాత పట్టాలు మరికొంత దూరము సాగును. బండి దిగు వేదికయొద్ద ప్రయాణికులను దింపి, ఖాళీగా ఆ తోకపట్టాలపైకి పోయి, అచట దిక్కు మార్చుకొని, రెండవ మార్గముపైకి వచ్చి, ఎక్కు వేదికయొద్ద నిలుచును. దిగువారును ఎక్కువారును ఒకరినొకరు త్రోసికొనరు; లోనికి వచ్చు బండికి వెలుపలికి పోవు బండి అడ్డురాదు. దీనికి వెల చెల్లించునది స్థలము: స్టేషనునకు ఆవల ఒక బండి పొడవును, అపాయము కలుగకుండ విడువవలసిన ఎడమును కలిపి అంత మేర స్తంభములు అదనముగా కట్టవలెను. నిద్రించువారెవరును లోపల మిగిలిపోకుండ బండిని చూచి పంపుటయు ఒక పనియే.

ఈ తోకపట్టాల విలువ యెంతయో హైదరాబాదు నగరము 2019లో స్వయముగా తెలిసికొన్నది. ఆ సంవత్సరము మార్చి 20న, నాగోలునుండి వచ్చు నీలిమార్గమున అమీర్‌పేట–హైటెక్ సిటీ భాగము తెరువబడినది. ఐటీ ఉద్యోగులు సంవత్సరములుగా ఎదురుచూచిన భాగమది. కాని బండ్లు మళ్ళవలసిన పట్టాలు హైటెక్ సిటీకి ఆవల రాయదుర్గము వైపున నుండవలసినవి. అవి అప్పటికి సిద్ధము కాలేదు. అందుచే జూబ్లీహిల్స్ చెక్‌పోస్టునుండి హైటెక్ సిటీ వరకు జంటమార్గమును రెండు ఒంటిమార్గములుగా భావించి, ఏ పట్టాపై పోయిన బండి ఆ పట్టాపైననే తిరిగివచ్చునట్లు నడిపినారు. దాని ఫలితమును కాగితముపై లెక్కగట్టి చూడవచ్చును. ఆ నాలుగైదు కిలోమీటర్లు పోవుటకు ఎనిమిది నిమిషములు, కొసన ఆగి దిక్కు మార్చుకొనుటకు మూడు నిమిషములు, వచ్చుటకు మరల ఎనిమిది నిమిషములు అనుకొన్నచో, ఒక బండి ఆ పట్టాను పందొమ్మిది నిమిషములు ఆక్రమించియుండును. అంతసేపు మరొక బండి దానిపై అడుగుపెట్టరాదు. రెండు పట్టాలున్నవి గనుక సగటున తొమ్మిదిన్నర నిమిషములకొక బండి. ఆ రోజులలో ప్రయాణికులు వేచియున్నదియు ఇంచుమించు అంతసేపే. కోట్లు పోసి కట్టిన జంటమార్గము, కొసన కొన్ని వందల మీటర్ల పట్టా లేకపోవుటచే, ఒంటిమార్గపు పల్లెటూరి రైలువలె నడువవలసివచ్చినది. మళ్ళు పట్టాలు సిద్ధమైన పిదప ఆ యిబ్బంది తొలగినది. 2019 నవంబరు 29న రాయదుర్గము స్టేషనును తెరువబడినది.

పట్టాలతోపాటు మనిషియు మళ్ళవలెను. మూడుపెట్టెల బండి పొడవు సుమారు అరువదియైదు మీటర్లు. నడుపువాడు ఒక గదిని మూసి, తాళము తీసికొని, దిగిన జనుల నడుమగా రెండవ గది చేరి, దానిని మేల్కొలిపి, బ్రేకులు పరీక్షించి సిద్ధమగునప్పటికి రెండు నిమిషములైనను కావచ్చును. బండ్లు దట్టముగా నడుచు నగరములలో దీనికొక సులువు కనిపెట్టినారు: ముందు బండిని తెచ్చినవాడు వేదికపై దిగి నిలుచును, వెనుక బండి రాగానే దాని రెండవ కొసన ఎక్కును, దానిని తెచ్చినవాడు మూడవ బండికై వేచియుండును. బండి వేచియుండుటకంటె మనిషి వేచియుండుట చవుక. ఒక్కొక్క వేళ ఒక్క మనిషి అదనముగా కావలెను, అంతియే.

చవుక యనుమాట ఊరక అనలేదు. ఎర్రమార్గపు 29 కిలోమీటర్లను గంటకు 33 కిలోమీటర్ల సగటు వడితో పోవుటకు 53 నిమిషములు పట్టునని పెట్టుకొందము. పోయిరాను 106, కొసలయందు మూడేసి నిమిషముల మళ్ళింపు కలిపిన 112. అయిదు నిమిషములకొక బండి కావలెనన్నచో 112ను అయిదుతో భాగింపవలెను; 22 బండ్లు చాలవు, 23 కావలెను. మళ్ళింపునకు మూడు నిమిషములు గాక నాలుగేసి పట్టినచో మొత్తము 114 అగును. ఇంకను 23 బండ్లతోనే నెట్టుకొని రావచ్చును గాని, చేతిలో మిగులు కాలము మూడు నిమిషములనుండి ఒక్క నిమిషమునకు పడిపోయి, ఎక్కడనో ఒకచోట తలుపు మూసికొననిచో ఆ జాగు తరువాతి బండికి, దానినుండి దాని తరువాతిదానికి సంక్రమించును. ఆ ఒక్క నిమిషమును మించినచో ఇరువదినాలుగవ బండిని కొనవలసినదే. తుది స్టేషనులో పోవు నిమిషములకు ధర కట్టవలసివచ్చినపుడు ఇంజనీర్లు బండ్ల ధరలోనే కట్టుట అందులకే.

మళ్ళుటకు ముందు ఆగవలెను గదా. నడిమి స్టేషనులో బండి ఒక గజము ముందుకు జారినచో తలుపులు సరిగా కుదురవు, అంతకుమించి ప్రమాదము లేదు. కొసన పట్టాయే లేదు. 1895 అక్టోబరు 22న పారిస్‌లోని మోంపర్నాస్ స్టేషనునకు వచ్చిన ఒక రైలు అడ్డుదిమ్మెను దాటి, విశాలమైన హాలును దాటి, గోడను చీల్చుకొనగా, దాని యింజను క్రింది వీధిలోనికి తలక్రిందుగా పడినది. రైలులోనివారు బ్రతికిరి, వీధిలోనున్న ఒక స్త్రీ మరణించెను. 1975 ఫిబ్రవరి 28 ఉదయమున లండనులోని మూర్గేట్ తుది స్టేషనులో ఒక భూగర్భ రైలు వేదిక దాటి మూతబడిన సొరంగపు గోడను ఢీకొనగా 43 మంది చనిపోయిరి. బండిలో లోపము కానరాలేదు. నడుపువాడు బ్రేకు వేయకపోవుటకు కారణము నేటికిని తేలలేదు. 2012 ఫిబ్రవరి 22న బ్యూనస్ ఐరిస్ నగరపు ఓన్సె స్టేషనులో 51 మంది ప్రాణములు కోల్పోయిరి.

ఈ ఘోరములకు మూలమైన శక్తి మరీ పెద్దదేమియు కాదనుట ఆశ్చర్యము కలిగింపక మానదు. నిండిన బండి 150 టన్నులనుకొన్నచో, గంటకు 80 కిలోమీటర్ల వడిలో దానియందున్న చలనశక్తి మూడుకోట్ల డెబ్బదిలక్షల జౌళ్ళు; మన ఇంటి మీటరు భాషలో పది యూనిట్లకు కొంచె మెక్కువ. దానినంతటిని ఒక్క సెకనులో గోడకు అప్పగించుటయే ప్రమాదము. ఇరువదిరెండు సెకన్లలో, సుమారు 250 మీటర్ల మేర మెల్లగా అప్పగించుట ప్రయాణము. చలనశక్తి వేగపు వర్గముననుసరించి పెరుగును. కావున వడిని సగము చేసిన శక్తి నాలుగవవంతగును, పదికిలోమీటర్ల వడికి దించినచో అరువదినాలుగవ వంతగును. తుది వేదిక చేరు బండ్ల వడిని మెట్టుమెట్టుగా తగ్గింపజేయు యంత్రపు కాపలా మూర్గేట్ తరువాత లండనున ఏర్పడినది. హైదరాబాదులో ఆ కాపలాను థేల్స్ సంస్థ సమకూర్చిన రేడియో సంకేత పద్ధతి నిర్వహించుచున్నది: బండి తానున్న చోటును ఎడతెగక తెలుపుచుండును, ఎంత దూరము ఏ వడితో పోవచ్చునో దానికి అనుమతి ఎడతెగక అందుచుండును, ఆ అనుమతి అడ్డుదిమ్మెకు ముందే సున్నయగును, మనిషి మరచినను యంత్రము బ్రేకు వేయును. మరియొక విశేషము: ఆగుచున్న బండి మోటార్లు జనరేటర్లుగా మారి ఆ శక్తిలో కొంతభాగమును పైనున్న 25,000 వోల్టుల తీగకు తిరిగి ఇచ్చివేయును. మియాపూరు చేరు బండి విడిచిన విద్యుత్తును అప్పుడే బయలుదేరు బండి వాడుకొనుటయు సంభవమే.

నగరపు అంచుననే తుది స్టేషను ఏల? నగరము అచట అయిపోయినది గనుక అను సమాధానము సగమే. బండ్లు నిద్రించుటకును, స్నానమాడుటకును, చక్రములు చెక్కించుకొనుటకును డిపో కావలెను. మియాపూరు డిపో సుమారు నూరు ఎకరముల మేర పరచుకొనియున్నది. అంతటి నేల అమీర్‌పేటలోగాని కోఠీలోగాని ఎవరికిని దొరకదు. తొల్లిటి రైల్వేల తుది స్టేషన్లు నగరముల నడిబొడ్డుననే యుండెడివి. ముంబయిలోని పాత విక్టోరియా టెర్మినస్, మన నాంపల్లి అట్టివి. దూరమునుండి వచ్చువానిని అంగడి గుమ్మమున దింపుట వాని ఉద్దేశము. మెట్రో ఆ క్రమమును తలక్రిందులు చేసినది. ఒక అంచున బయలుదేరి, నగరగర్భమును దూసికొని, రెండవ అంచున తేలుటచే, బండి మళ్ళు రెండు చోట్లును నేల చవుకగా దొరకు చోట్లగును; జనము ఎక్కువగా దిగు అమీర్‌పేటలో బండి మళ్ళ నక్కరలేక అరనిమిషము ఆగి సాగిపోవును. ఉదయము మియాపూరునుండి నిండుచు పోయిన బండి అమీర్‌పేట దాటిన తరువాత క్రమముగా ఖాళీయగును, ఎల్బీనగర్‌నుండి మరల నిండుచు వచ్చును. ఈ యేర్పాటులో నాకు కనబడు లోపమొక్కటే. డిపో ఒక కొసననే యున్నపుడు, తెల్లవారుజామున రెండవ కొసన తొలిబండి సిద్ధముగా నుండవలెనన్న, రాత్రియే అచట ఒక బండిని నిలుపుటయో, చీకటితో ఖాళీబండిని గంటసేపు నడిపించుటయో చేయవలెను.

తుది స్టేషనునకు రాకపోకలు చేయువారి నేల కొలతయు వేరు. నడిమి స్టేషనునకు ఇరుప్రక్కల ఇరుగుపొరుగు స్టేషన్లున్నవి. దానికి వచ్చువారు ఒక కిలోమీటరు లోపలివారు, అనగా మూడు చదరపు కిలోమీటర్ల జనము. తుది స్టేషనునకు ఒక దిక్కున పొరుగే లేదు. పదునైదు కిలోమీటర్ల దూరమువరకు, వృత్తములో ఆరవవంతు తునకను మాత్రమే లెక్కించినను 118 చదరపు కిలోమీటర్లగును. నడచివచ్చుటకు వీలుకాని దూరము గనుక వారందరును బస్సులలో, షేరు ఆటోలలో, సొంత బండ్లపై వత్తురు. మియాపూరు మెట్లక్రింద ఎప్పుడు చూచినను ఆటోల గుంపు కనబడుటకును, 2024లో అచట వాహనములు నిలుపుటకు రుసుము పెట్టబూనగా ప్రయాణికులు అంతగా ఆక్షేపించుటకును మూలము ఈ క్షేత్రగణితమే. దెగ్లూరు, నారాయణఖేడు, జహీరాబాదులవారిని ఆ 118లో చేర్చలేదు.

సాయంకాలము నిండుబండి వచ్చినపుడు మూడుపెట్టెలనుండి సుమారు వేయిమంది ఒక్కమారుగా దిగుదురు. నడిమి స్టేషనులో నూరుమంది దిగి నూరుమంది ఎక్కుదురు; ఇచట ఉన్నవారందరును దిగుదురు. నిమిషమునకు నూరేసిమందిని దింపు కదలుమెట్లు రెండు, నూటయేబదిమందిని దింపు మూడుమీటర్ల మెట్లవరుస ఒకటి యున్నవనుకొన్నచో, ఆ వేయిమంది క్రిందకు చేరుటకు మూడు నిమిషములు పట్టును. తరువాతి బండి రెండున్నర నిమిషములకే వచ్చినచో వేదికపై జనము ఖాళీకాకముందే మరియొక వేయి వచ్చి కలియును. అందుచే బండ్లను దట్టముగా నడుపదలచినవారు పట్టాలకంటె ముందు మెట్ల వెడల్పును కొలువవలెను. ఉదయపు వేళ దీనికి ఎదురు: ఖాళీబండి ఎదుట ముందుగా నిలిచినవానికి కూర్చుండ చోటు దొరకును. ముంబయి లోకల్ రైళ్ళలో ఆ చోటు కొరకే రెండు మూడు స్టేషన్లు వెనుకకు తుది స్టేషనునకు పోయి, అదే బండిలో తిరిగివచ్చువారు పెక్కుమంది. రైల్వే లెక్కలో ఒకే మనిషి రెండు దిక్కులను చోటు ఆక్రమించుచున్నాడు. ఆ మనిషి లెక్కలో గంటసేపు నిలువబడుట తప్పినది. ఇరువురి లెక్కయు సరియైనదే.

మియాపూరు ఎల్లకాలము తుది స్టేషనుగా నుండబోదు. మెట్రో రెండవ దశలో మియాపూరునుండి పటాన్‌చెరువు వరకు సుమారు 13.4 కిలోమీటర్ల పొడిగింపును తెలంగాణ ప్రభుత్వము 2024లో ఆమోదించి కేంద్రమునకు పంపినది. పాత వడితోనే లెక్కించినచో పోవుటకు 24 నిమిషములు, రానుపోను 48. అయిదు నిమిషములకొక బండి చొప్పున మరి పది బండ్లు కావలెను. అయితే పటాన్‌చెరువు కొసన ఉదయపు వేళను వదలిన అంతటి రద్దీ యుండదని తోచినచో, రెండు బండ్లలో ఒకదానిని మియాపూరుననే మళ్ళించి, రెండవదానిని మాత్రమే పటాన్‌చెరువునకు పంపవచ్చును. అప్పుడు అయిదు బండ్లతో సరిపోవును. అందుకొరకు మియాపూరులోని మళ్ళు పట్టాలను అటులనే ఉంచవలెను. నడిమార్గమున మళ్ళు పట్టాలుండుట మరొక విధమునను మేలు: ఎక్కడనైన బండి చెడినచో మార్గమంతయు నిలువక, సగము మార్గమైనను నడుచును. డిపో కూడ కొసననుండి లోపలికి చేరుటచే తెల్లవారుజామున రెండు దిక్కులకును బండ్లను పంపవచ్చును. నాందేడు బస్సులవారు పటాన్‌చెరువులోనే జనులను దింపి వెనుకకు మళ్ళుదురా, లేక రహదారి రద్దీని ఓర్చుకొని నగరములోనికి వత్తురా యనునది ఆర్టీసీవారు వేయవలసిన లెక్క. దానిలోను మళ్ళింపునకు పట్టు నిమిషములే ముఖ్యమైన అంకె.